గాలివాన వెలిశాక కొండ అంచు దారి: ఇంగ్లండ్ నైరుతి తీరంలో మూసిన కాలిబాట ఎదురైతే ఏం చేయాలి

లండన్, రెడింగ్, బ్రిస్టల్ ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాలు ఎండ కాసిన శనివారం పులిహోర డబ్బాలు కట్టుకుని బయల్దేరే చోట్లలో డోర్సెట్ తీరం ఒకటి. డర్డల్ డోర్ రాతి తోరణం, వెస్ట్ బే పసుపు కొండలు, లైమ్ రీజిస్ శిలాజాలు అన్నీ ఒకే కాలిబాట మీద ఉన్నాయి. దాని పేరు సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్. సోమర్సెట్‌లోని మైన్‌హెడ్ దగ్గర మొదలై, డెవన్, కార్న్‌వాల్ తీరాలను చుట్టుకుని, డోర్సెట్‌లోని పూల్ రేవు ముఖం దగ్గర ముగిసే 630 మైళ్ల దారి అది. పూర్వం దొంగ సరుకు దింపే పడవలను పట్టుకోవడానికి కోస్ట్‌గార్డు మనుషులు ఇక్కడ గస్తీ తిరిగేవారు. ప్రతి చిన్న ఒంపులోకీ తొంగి చూడాలి కాబట్టి వాళ్లు కొండ అంచు వెంబడే నడిచారు. ఆ అడుగుల వల్లే దారి పడింది. అంత అందంగా ఉండటానికీ, ఏటా ఎక్కడో ఒకచోట తెగిపోవడానికీ కారణం ఒకటే: అది అంచును వదలదు.

ఈ దారిలో నేను చాలాసార్లు నడిచాను. మూసిన గేట్ల ముందు చాలాసార్లు ఆగాను. ఆగిన ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు ఆ గేటు ఎక్కి దాటిపోవడం చూశాను. వాళ్లలో మనవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. దారి మూసి ఉంటే నడక పాడైపోయినట్టు కాదు. ఏం చేయాలో ముందే తెలిస్తే ఆ రోజు ఇంకో రకంగా బాగుంటుంది.

ముందు కాళ్ల కింద ఏముందో తెలుసుకోండి

మట్టిగోడల ఇళ్లలో పెరిగినవారికి ఒక సంగతి తెలుసు. ముసురు పట్టి నాలుగు రోజులు కురుస్తున్నంతసేపూ గోడ నిలబడే ఉంటుంది. వాన తెరిపి ఇచ్చి, ఎండ పొడ వచ్చి, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నాక ఒక మధ్యాహ్నం దభీమని కూలుతుంది. పైన పడ్డ నీరు లోపలికి దిగడానికి సమయం పడుతుంది. నానిన బరువు గోడను లాగడానికి ఇంకొంత సమయం పడుతుంది.

డోర్సెట్ కొండలు అచ్చం అంతే. లైమ్ రీజిస్, చార్మత్ ఊళ్ల మధ్య కొండను నిలువునా కోసి చూస్తే పైపొరల్లో ఇసుకరాయి ఉంటుంది. అది వాన నీటిని పీల్చుకుని కిందికి పంపుతుంది. దాని అడుగున బంకమన్ను, నల్లటి మట్టిరాయి ఉంటాయి. వాటిలోకి నీరు దిగదు. అలా రెండు పొరల మధ్య నీరు నిలిచి, పై పొర మొత్తం సబ్బు మీద పెట్టిన ఇటుకలా తయారవుతుంది. మరోవైపు గాలివానకు లేచిన కెరటాలు కొండ పాదాన్ని కోసేస్తూ ఉంటాయి. పైన బరువు పెరుగుతుంది, కింద ఆసరా పోతుంది.

తేదీలు చూడండి. లైమ్ రీజిస్, చార్మత్ మధ్య సుమారు 400 మీటర్ల మేర కొండ సముద్రం వైపు జారిపోయింది 2008 మే 6న. బర్టన్ బ్రాడ్‌స్టాక్ దగ్గర బీచిలో నడుస్తున్న ఒక యువతి మీద కొండచరియ విరిగిపడి ఆమె ప్రాణం పోయింది 2012 జులై 24న. సీటౌన్ దగ్గర దాదాపు 4,000 టన్నుల రాయి ఒక్కసారిగా బీచి మీద పడింది 2021 ఏప్రిల్ 13న. మే, జులై, ఏప్రిల్. మూడూ జనం నడకకు వచ్చే నెలలే. ఇవేవీ చలికాలపు గాలివాన హోరెత్తిన రాత్రి జరిగినవి కావు. అందుకే "గాలివాన పోయి వారమైంది, ఇప్పుడేమీ కాదు" అన్న లెక్క ఈ తీరంలో పనికిరాదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే చాలనుకుంటే, ఇదే గుర్తుపెట్టుకోండి.

అన్ని మూసివేతలూ కొండచరియల వల్లే కావు. డెవన్‌లోని డాలిష్ దగ్గర దారి సముద్రపు గోడ వెంట, రైలు పట్టాల పక్కన సాగుతుంది. 2014 ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చిన గాలివానకు ఆ గోడ తెగి, కింద నేల కొట్టుకుపోయి, పట్టాలు ఊయల తాళ్లలా గాలిలో వేలాడాయి. రైళ్లు మళ్లీ నడిచింది ఏప్రిల్ 4న. ఆ తర్వాత అక్కడ ఇంకా ఎత్తైన కొత్త గోడ కట్టారు. గోడ దగ్గరి దెబ్బకూ కొండ దగ్గరి దెబ్బకూ తేడా ఉంది. గోడను మళ్లీ కట్టగలరు, దారి మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది. జారిన కొండను ఎవరూ తిరిగి నిలబెట్టరు. అక్కడ దారే వెనక్కి జరగాలి. కాబట్టి బోర్డు చూడగానే ఇది ఏ రకం మూసివేత అని గమనించండి. గోడ మీద కెరటాలు ఎగసిపడుతున్నందుకు మూసినదైతే పోటు దిగి గాలి తగ్గాక తెరవవచ్చు. కొండ జారినందుకు మూసినదైతే ఆ రోజుకు ఆశ వదులుకోండి.

బయల్దేరే ముందురోజు రాత్రి

అరగంట కూర్చుంటే చాలు. ఈ వరుసలో చూడండి.

మొదట, సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైటు. దారిలో ఎక్కడెక్కడ మూశారో, ఎటు మళ్లించారో అక్కడ పటంతో సహా పెడతారు. తర్వాత ఆ ప్రాంతపు స్థానిక కౌన్సిల్ ప్రకటనలు. ఈ రెండింటిలో ఒకటి ఆలస్యంగా మారవచ్చు కాబట్టి రెండూ చూడండి. ఫోనులోని సాధారణ పటాల యాప్‌ను మాత్రం ఈ విషయంలో నమ్మవద్దు. ఎప్పుడో సముద్రంలో కలిసిన దారిని కూడా అది నిశ్చింతగా నీలిరంగు చుక్కలతో చూపిస్తూ ఉంటుంది.

ప్రకటన చదివేటప్పుడు గడువును గమనించండి. ప్రమాదం ఉందని అప్పటికప్పుడు మూసే అత్యవసర ఉత్తర్వు 21 రోజులు నడుస్తుంది. ఆ తర్వాత కాలిబాటలకు ఇచ్చే తాత్కాలిక ఉత్తర్వు ఆరు నెలల వరకు ఉంటుంది. దాన్ని పొడిగించాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఉత్తర్వు మీద చివరి తేదీ కనిపించినంత మాత్రాన ఆ రోజుకు దారి తెరుస్తారని కాదు. చాలాచోట్ల పొడిగింపు మీద పొడిగింపు వస్తుంది.

ఎందుకింత ఆలస్యం అని విసుక్కునేవారిని చూశాను, మొదట్లో నేనూ విసుక్కున్నాను. జారిన నేల ఒక్కసారి జారి ఊరుకోదు. వారాలు, నెలలు కదులుతూనే ఉంటుంది. అది కుదుటపడిందో లేదో తేల్చుకోవాలి. వెనక ఉన్న పొలం ఎవరిదో వాళ్లతో మాట్లాడాలి. అక్కడ గోధుమ ఉందో, ఆవులు మేస్తున్నాయో, ఇంటి పెరడు ఉందో చూడాలి. పాత చట్టం ప్రకారం దారి ఉన్న నేల సముద్రంలో పడిపోతే ఆ దారి హక్కు కూడా దానితోపాటే పోయేది, మళ్లీ మొదటి నుంచి ఒప్పందం చేసుకోవలసి వచ్చేది. 2009లో వచ్చిన తీరప్రాంత చట్టం కొంత మేలు చేసింది. దాని కింద ఇంగ్లండ్ చుట్టూ తీరపు దారి వేస్తున్నారు, దానికి రాజు మూడవ చార్లెస్ పేరు పెట్టారు. ఆ చట్టం కింద ఖరారైన భాగాల్లో అంచు కోసుకుపోతే దారి కూడా లోపలికి జరిగేలా ముందే ఏర్పాటు చేయవచ్చు. అప్పుడు మూసివేత తొందరగా తీరుతుంది. అయినా కంచె తీయాలి, కొత్త గేటు వేయాలి, మెట్లు తవ్వాలి. ఇవి మనుషులు చేతులతో చేసే పనులు.

తర్వాత వాతావరణ శాఖ హెచ్చరికలు. పసుపు, అంబర్, ఎరుపు అని మూడు మెట్లుంటాయి. అంబర్, ఎరుపు ఉంటే ఇంట్లోనే ఉండండి. రేపటి సూచనతో ఆగిపోకండి, గడిచిన రెండు మూడు వారాల్లో వాన ఎంత పడిందో కూడా చూడండి. మట్టిగోడ లెక్క మరచిపోవద్దు.

ఆపైన ఆటుపోట్ల పట్టిక. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, ఒకదానికీ మరోదానికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువని బందరు నుంచి భీమిలి దాకా మన తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఇక్కడా అదే చంద్రుడు. ఒక్క జాగ్రత్త: కొన్ని పట్టికలు ఏడాది పొడవునా గ్రీనిచ్ సమయమే చూపిస్తాయి. వేసవిలో దానికి ఒక గంట కలపాలి. ఆ గంట మరచిపోయి నీళ్లలో చిక్కుకున్నవారు ఉంటారు.

చివరగా, రెండో దారి గీసుకోండి. ఇది అందరూ వదిలేసే మెట్టు. నడక మొదలయ్యే చోటుకూ ముగిసే చోటుకూ మధ్య, కొండకు లోపలి వైపుగా వెళ్లే ఇంకో దారి ఏదో పటంలో చూసి పెట్టుకోండి. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 పటాల్లో పొలం కంచెలు, అడ్డదారులు కూడా కనిపిస్తాయి. లైమ్ రీజిస్, బ్రిడ్‌పోర్ట్ ప్రాంతానికి ఎక్స్‌ప్లోరర్ 116వ నంబరు పటం కావాలి. తీరం వెంట తిరిగే బస్సుల వేళలు కూడా రాసుకోండి. సగం దారిలో తిరిగి రావలసి వస్తే మిమ్మల్ని కారు దగ్గరికి చేర్చేది ఆ బస్సే, ఆదివారాల్లో అది చాలా తక్కువగా తిరుగుతుంది. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. మళ్లింపు దారి రెండు మైళ్లు ఎక్కువైతే చీకట్లో నడవవలసి వస్తుంది.

మూసిన గేటు ముందు

రెండేళ్ల కిందట మా పెదనాన్న ఇక్కడికి వచ్చారు. దివిసీమలో జీవితమంతా వరి పండించిన మనిషి. గోల్డెన్ క్యాప్ చూపిద్దామని తీసుకెళ్లాను. 191 మీటర్ల ఎత్తుతో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో అన్నింటికంటే ఎత్తైన చోటు అది. కొంత దూరం నడిచాక దారికి అడ్డంగా రెండు ఇనుప కంచెలు, వాటి మీద పసుపు బోర్డు కనిపించాయి. కంచె అవతల గడ్డి మీద కొత్త అడుగుజాడలున్నాయి. మేము చూస్తుండగానే ఒక యువ జంట వెనక నుంచి వచ్చి, మాకు నవ్వుతూ నమస్కారం చెప్పి, కంచె పక్క సందులోంచి దూరి వెళ్లిపోయారు. నిజం చెప్పాలంటే నాకూ మనసు లాగింది. అవతల దారి మామూలుగానే ఉంది, ఎండ కాస్తోంది.

పెదనాన్న కంచె పట్టుకుని వంగి చూశారు. కొన్ని అడుగుల దూరంలో గడ్డిలో ఒక గీత ఉంది. వేలు దూరేంత వెడల్పు. అంచుకు సమాంతరంగా, నాగలి చాలులా తిన్నగా సాగిపోయింది. గీతకు అవతలి వైపు గడ్డి ఇవతలి కంటే రెండు అంగుళాలు కిందికి ఉంది.

"కాలవ గట్టు తెగే ముందు ఇలాగే నెర్రె ఇస్తుంది, నాయనా. గండి పడేది ఆ తర్వాతే. పద, వెనక్కి పోదాం" అన్నారు.

అంతవరకు ఆ గీత నాకు కనిపించనే లేదు. ఆ జంట తర్వాత క్షేమంగానే పక్క ఊళ్లో కనిపించారు. అది చూసి నాకు తృప్తి కలిగింది కానీ, వాళ్లు చేసింది సరైనదన్న నమ్మకం కలగలేదు.

ఇప్పుడు మీరు చేయవలసింది. కంచె దగ్గర ఆగి బోర్డు మొత్తం చదవండి. దారి అసలు లేదా, మళ్లించారా అన్నది అందులో ఉంటుంది. బోర్డును ఫోటో తీసుకోండి, పటం అందులోనే ఉంటే తర్వాత ఫోను తీసి చూసుకోవచ్చు. చుట్టూ ఓక్ కాయ గుర్తు కోసం వెతకండి. ఇంగ్లండ్ జాతీయ కాలిబాటలన్నింటికీ అదే గుర్తు. మళ్లింపు దారిలో కూడా స్తంభాలకు, గేట్లకు తరచుగా దాన్నే కొడతారు. అడుగుజాడలను అనుమతిగా తీసుకోకండి. అవి దాటినవారి అడుగులు, నేల గురించి అవి ఏమీ చెప్పవు. బోర్డు మాసిపోయి పాతదిలా కనిపించినా, కంచె ఒరిగిపోయినా అంతే. గాలికి పడిపోయి ఉండవచ్చు, నేల కుంగి ఒరిగి ఉండవచ్చు.

పిల్లలు వెంట ఉంటే ఇక్కడే వాళ్లకు కారణం చెప్పండి. ఊరికే "వద్దు" అంటే వాళ్లు విని మరచిపోతారు. నెర్రె ఎక్కడైనా కనిపిస్తుంటే కంచె ఇవతలి నుంచే చూపించండి. జన్మలో మరచిపోరు.

మళ్లింపు దారి చాలాసార్లు మోటారు రోడ్డు మీదుగా పోతుంది. ఇక్కడా బండ్లు ఎడమ పక్కనే నడుస్తాయి కాబట్టి, పక్కబాట లేని చోట మీరు కుడి అంచున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా ఒకరి వెనక ఒకరు నడవండి. పొలాల్లోంచి పోతే తెరిచిన గేటు మళ్లీ మూయండి. దూడలున్న ఆవుల మందకు దూరంగా చుట్టి వెళ్లండి. ఆ రైతు తన పొలంలోంచి జనాన్ని పోనివ్వడం వల్లే మీకు ఆ రోజు దారి దొరికింది.

బీచి మీదుగా పోదామనే ఆలోచన

పై దారి మూసి ఉంటే నూటికి తొంభై మందికి తట్టేది ఇదే: కింద బీచి ఉంది కదా, ఇసుక మీద నడిచిపోదాం. దయచేసి వద్దు. ఈ వ్యాసంలో నేను బతిమాలి చెప్పే మాట ఇది.

పైన దారిని మూసింది కొండ కదులుతున్నందుకు. ఆ కొండ కదిలి పడేది కిందికే. బర్టన్ బ్రాడ్‌స్టాక్‌లో ప్రాణం పోయింది కింద నడుస్తున్న మనిషిదే. దానికి తోడు లైమ్ రీజిస్, చార్మత్ మధ్య బీచి, పోటు వచ్చినప్పుడు కొండ పాదం దాకా మునిగిపోతుంది. ఆటు దిగుతున్న సమయంలో బయల్దేరి, మళ్లీ పోటు ఎక్కకముందే అవతలికి చేరగలిగితేనే అక్కడ నడవాలి. అదీ మూసివేత లేనప్పుడు. ఒకవైపు నిలువు కొండ, రెండోవైపు ఎక్కుతున్న నీరు ఉంటే మీకు మిగిలేది వెనక్కి పరుగెత్తడమే, అప్పటికి వెనక కూడా నీరు చేరి ఉంటుంది.

ఇంకో ప్రమాదం బురద. కొండచరియ జారిన చోట నల్లటి మట్టి బీచి మీదికి నాలుకల్లా పారి ఉంటుంది. ఎండకు పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది. కాలు పెడితే మోకాలి దాకా, ఒక్కోసారి నడుము దాకా దిగిపోతుంది. చార్మత్ దగ్గర ఇలా ఇరుక్కున్నవారిని కోస్ట్‌గార్డు సిబ్బంది వచ్చి తీయవలసి వచ్చిన సందర్భాలున్నాయి.

శిలాజాల మోజు ఉన్నవారికి కొండచరియ పడిన మర్నాడు బంగారు రోజులా అనిపిస్తుంది. కొత్త రాళ్లు బయటపడతాయి కదా. లైమ్ రీజిస్‌లో పుట్టిన మేరీ ఆనింగ్ బతుకుతెరువే అది. పన్నెండేళ్ల వయసు నాటికే అన్నతో కలిసి ఇక్థియోసార్ అనే పురాతన సముద్ర సరీసృపపు అస్థిపంజరాన్ని వెలికితీసిన మనిషి ఆమె. ఈ కొండల పోకడ ఆమెకంటే బాగా తెలిసినవారు లేరు. 1833లో, ఎప్పుడూ వెంట తిరిగే ఆమె కుక్క ట్రే మీద ఆమె కళ్ల ముందే కొండచరియ విరిగిపడింది. ఆమె వెంట్రుకవాసిలో బతికింది. మనకు ఆమెకున్న అనుభవంలో నూరో వంతు కూడా లేదు. శిలాజాలు కావాలంటే కొండ పాదానికి దూరంగా, నీటి అంచు వైపు, ఆటు దిగుతున్నప్పుడు వెతకండి. అలలు కడిగి అక్కడికే చేరుస్తాయి. చార్మత్‌లో హెరిటేజ్ కోస్ట్ సెంటర్ ఉంది. అక్కడివాళ్లను అడిగితే ఆ రోజు ఎటు వెళ్లవచ్చో చెబుతారు.

తెరిచి ఉన్న దారిలో చూసుకోవలసినవి

దారి మూయలేదంటే నేల గట్టిగా ఉందని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు. 630 మైళ్లనూ ఎవరూ రోజూ కొలవలేరు. మీ కళ్లు కూడా పని చేయాలి.

అంచుకు సమాంతరంగా నెర్రెలు ఉన్నాయా చూడండి. కంచె స్తంభాలు సముద్రం వైపు ఒరిగాయా, తీగ బిగుసుకుపోయిందా చూడండి. ఒకచోట నేను చూసిన కంచెకు కింద నేల లేదు. నాలుగు స్తంభాలు తీగను పట్టుకుని గాలిలో వేలాడుతున్నాయి, గాలి వీచినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి చప్పుడవుతోంది. ఎండాకాలంలో కూడా ఒక్కచోటే చెమ్మ పట్టి పచ్చగా ఉందంటే అక్కడ లోపలి నుంచి నీరు ఊరుతోందని అర్థం. వీటిలో ఏది కనిపించినా లోపలికి జరగండి, గుంపుగా నిలబడకండి.

అంచున నిలబడి ఫోటో దిగాలనే కోరిక అందరికీ ఉంటుంది. పైన పచ్చిక మందంగా, మెత్తగా ఉంటుంది. దాని కింద రాయి ఎంత లోపలికి కోసుకుపోయిందో పై నుంచి కనిపించదు. మీరు నిలబడింది కొండ మీద కాకపోవచ్చు, గాలిలోకి పొడుచుకొచ్చిన ఒక గడ్డి పెళ్ల మీద కావచ్చు. ముందు ఇంకో ఒంపు దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఈ కొండను చూడండి. అసలు మీరు ఎంత సన్నటి అంచున నిలబడబోయారో అప్పుడు తెలుస్తుంది. ఫోటో కూడా అక్కడి నుంచే బాగా వస్తుంది.

అండర్‌క్లిఫ్ మాట వేరు

లైమ్ రీజిస్ నుంచి పడమరకు, ఆక్స్‌మత్ వైపు సుమారు ఏడు మైళ్ల అడవి దారి ఉంది, అదే అండర్‌క్లిఫ్. ఆ అడవి మొత్తం పాత కొండచరియల మీద పెరిగిందే. ఒక్కసారి లోపలికి వెళితే మధ్యలో ఊళ్లోకి గానీ సముద్రానికి గానీ బయటపడే మామూలు దారి లేదు. నడవడానికి నాలుగు గంటలు తీసుకునేవారు చాలామంది. 2014 గాలివానల కాలంలో నేల జారి ఈ దారి మూతపడింది, మళ్లీ పూర్తిగా తెరుచుకున్నది 2016లో.

1839 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇక్కడ జరిగింది వింటే నేల ఎలా మాట్లాడుతుందో తెలుస్తుంది. పండుగ విందుకు వెళ్లి తిరిగి వస్తున్న కూలీలు తమ ఇళ్లకు పోయే దారి కుంగి ఉండటం చూశారు. ఆ తర్వాత గోధుమ, టర్నిప్ వేసిన దాదాపు 45 ఎకరాల పొలం కొండ నుంచి విడిపోయి సముద్రం వైపు జరిగింది. వెనక ముప్పావు మైలు పొడవున లోయ లాంటి చీలిక మిగిలింది. విడిపోయిన ముక్కకు గోట్ ఐలండ్ అని పేరు వచ్చింది. విలియం బక్‌లాండ్, విలియం కోనిబేర్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించి వివరంగా రాశారు. జరిగిన పొలంలో గోధుమ మాత్రం మామూలుగానే పెరిగింది. మరుసటి ఆగస్టులో దాన్ని జాతరలా వేలాది జనం మధ్య కోశారు. అంతటి విపత్తుకు ముందు కనిపించింది ఏమిటి? కొంచెం కుంగిన ఒక కాలిబాట.

అండర్‌క్లిఫ్‌కు వెళ్లేటప్పుడు ముందురోజే కాదు, ఆ ఉదయం కూడా మూసివేతల పేజీ చూడండి. మంచి పట్టున్న బూట్లు, తాగే నీళ్లు, తలకు కట్టుకునే దీపం ఉండాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. ఎన్ని గంటలకు బయటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. వానలు ఎక్కువగా పడిన వారాల్లో వయసు పైబడిన తల్లిదండ్రులను ఇటు తీసుకురావద్దని నా సలహా. వాళ్లకు వెస్ట్ బే దగ్గర రేవు గట్టు మీద కూర్చుని చేపలు, బంగాళదుంపల వేపుడు తినడం హాయిగా ఉంటుంది.

ఇరుక్కుపోతే

999 లేదా 112కు ఫోను చేసి "కోస్ట్‌గార్డ్" అని అడగండి. తీరంలో, కొండ మీద, బురదలో, నీటిలో ఏ ఆపదకైనా వాళ్లే. ఎక్కడున్నారో చెప్పడానికి పటంలోని గ్రిడ్ సంఖ్యలు చాలు. అవి తెలియకపోతే చివరగా దాటిన ఊరు, గేటు, బోర్డు చెప్పండి. మూసిన గేటు దగ్గర తీసిన బోర్డు ఫోటో ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

పోటుకు చిక్కితే జారుతున్న కొండను ఎక్కే ప్రయత్నం చేయకండి. బురదలో దిగితే గింజుకోకండి. వెనక్కి వాలి, వీపు, చేతులు బురద మీద పరిచి బరువును పంచండి. కాళ్లు నెమ్మదిగా ఆడించండి. వెంట ఉన్నవారు లాగడానికి దగ్గరికి వస్తే వాళ్లూ దిగిపోతారు. గట్టి నేల మీదే ఉండి ఫోను చేయమనండి. మీద కొండచరియ పడినవారిని తవ్వి తీయాలని పరుగెత్తేముందు పైకి చూడండి, ఒకసారి జారినచోట మళ్లీ జారుతుంది.

చూసింది చెప్పండి

దారి మీద కొత్త నెర్రె, కుంగిన మెట్టు, పడిపోయిన హెచ్చరిక బోర్డు కనిపిస్తే ఊరికే వచ్చేయకండి. సురక్షితమైన చోట నిలబడి రెండు ఫోటోలు తీయండి. ఒకటి దూరం నుంచి, చుట్టూ ఏముందో తెలిసేలా. రెండోది దగ్గరి నుంచి, కొలత తెలియడానికి పక్కన చేతికర్ర లాంటిది పెట్టి. దగ్గరికి వెళ్లడం క్షేమం కాకపోతే మొదటిది చాలు. తేదీ, సమయం, గ్రిడ్ సంఖ్య రాసి స్థానిక కౌన్సిల్‌లో కాలిబాటలు చూసే విభాగానికి పంపండి, కోస్ట్ పాత్ అసోసియేషన్‌కు కూడా పంపండి. బ్రిటిష్ జియొలాజికల్ సర్వే దేశంలో జరిగే కొండచరియల లెక్క రాసి ఉంచుతుంది, ప్రజలు పంపే సమాచారాన్నీ తీసుకుంటుంది. ఎవరైనా గాయపడే ప్రమాదం ఆ క్షణంలోనే ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి 999.

పెదనాన్న చూపించిన ఆ నెర్రె గురించి ఆ సాయంత్రమే నేను రాసి పంపాను. ఇంగ్లిష్‌లో "నెర్రె"కు సరైన మాట దొరకక, ఆయన చెప్పినట్టే "కాలవ గట్టు తెగే ముందు కనిపించే పగులు లాంటిది" అని వివరించాను. మర్నాడు జవాబు వచ్చింది: కంచెను ఇంకా వెనక్కి జరుపుతున్నామని, పగులు గురించి చెప్పినందుకు ధన్యవాదాలని. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు గేటు పొలంలోకి దాదాపు నలభై అడుగులు లోపలికి వచ్చి ఉంది. కొత్త చెక్క, ఇంకా తెల్లగానే ఉంది. దాని మీద ఓక్ కాయ గుర్తు. పాత గేటు ఉన్న చోటు కనిపించలేదు.